పంపుకు రెండో చివర

మా పొయ్యికి లక్క సీలు వేసిన రోజున మా ఆయన వీధంతా బూందీ లడ్డూలు పంచారు. ఈ ఒక్క మాటతో జగ్గారావు గారు ఎలాంటి మనిషో మీకు తెలిసిపోయి ఉంటుంది. ఇక ఆయన మీద నేను విడిగా చాడీలు చెప్పక్కర్లేదు.

మాది పాలగెడ్డ. కొండమీది ఊరు. కింద మైదానంలో జనం ఫ్యాన్లు తిప్పుకునే రోజుల్లో కూడా మేం దుప్పట్లు కప్పుకుంటాం. కార్తీకం వచ్చిందంటే కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. తల దువ్వుకోవాలంటే ముందు ఆ సీసాని కాసేపు చంకలో పెట్టుకుని తిరగాలి. ఆ ఊళ్ళోనే నేను సాంఘిక శాస్త్రం టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ప్రభుత్వం అంటే ఏమిటి, దానికి అంగాలెన్ని, అవి ప్రజల కోసం ఎలా పాటుపడతాయి అని ఊళ్ళో సగంమందికి బెత్తం పుచ్చుకుని మరీ చెప్పినదాన్ని. నాకిలా జరగడం న్యాయమే.

అసలు సంగతి మా నళిని కాన్పు. ఒక్కగానొక్క కూతురు, దానికి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. కాన్పుకు పుట్టింటికి తెచ్చుకునేటప్పుడు ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "కట్టెల పొగ ఈ అమ్మాయికి తగలనివ్వకండి. పుట్టబోయే బిడ్డకు అసలే తగలకూడదు" అని గట్టిగా చెప్పింది. మా ఊళ్ళో వేణ్ణీళ్ళంటే పెరట్లో కట్టెల పొయ్యి, దాని మీద ఇత్తడి కాగు. గీజరు పెట్టిస్తే మా ఊరి కరెంటుకు అది కాలి కూర్చుంది. గ్యాసు బండ ఘాటురోడ్డెక్కి ఎప్పుడొస్తుందో బండ తెచ్చేవాడికే తెలీదు. అదేమో బియ్యం ఉడకడానికే చాలీచాలదు. బాలింతకూ పసిగుడ్డుకూ రోజూ ఒంటికి పట్టే వేణ్ణీళ్ళు కావాలి. పొగ లేకుండా అవి ఎక్కణ్ణుంచి తేవాలో తెలీక నాకు అన్నం సయించేది కాదు.

సరిగ్గా అప్పుడే గృహ ఉష్ణ సౌలభ్య సంస్థవారి 'వెచ్చని గడప' పథకం మా కొండెక్కింది. అర్హత ఉన్న ఇళ్ళకు వేడి పంపు బిగిస్తారట.

"బయట గాల్లో ఉన్న వేడిని లాగి, లోపల నీళ్ళలోకి ఎక్కిస్తుందటే. కరెంటు కూడా కొంచెమే తాగుతుందట" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"బయట గాల్లో వేడి ఏడిస్తే మనకీ స్వెట్టర్లెందుకండీ?"

"చలిలో కూడా వేడి ఉంటుందటే. మనకి కనపడదంతే."

ప్రభుత్వం చేసే మేలు గురించి పిల్లలు అడిగినప్పుడల్లా నేను చెప్పిన జవాబు కూడా అదే. పైగా పొగ ఉండదన్నారు. నాకు ఆ ఒక్క ముక్క చాలు. దరఖాస్తు పెట్టేశాం.

వారం తిరక్కుండా ఉష్ణయోగ్యతా నిర్ధారణాధికారి చక్రపాణి గారు దిగారు. పొడుగ్గా, సన్నగా, మెడ చుట్టూ మఫ్లరుతో, చెవుల్లో దూదితో. మైదానం మనిషి, చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. మా పెరటి గోడకు అవతలే సంస్థవారి అతిథి బంగళా ఉంది. ఈ పనిమీద ఆయన మకాం అక్కడే. గడపలో నిలబడి ముక్కుతో ఒకసారి గాలి పీల్చి, "ఈ గృహంలో ఉష్ణం ఉన్నట్టున్నదే" అన్నారు, దొంగసొత్తు పట్టుకున్న పోలీసులా.

"పొయ్యి మీద పప్పు ఉడుకుతోందండీ" అన్నాను.

"అదే సమస్య మేడమ్. మార్గదర్శకాల ప్రకారం ఉష్ణావశ్యకత గల గృహం మాత్రమే అర్హమైనది. ఇప్పటికే ఉష్ణ వనరు ఉన్న గృహానికి మరొక వనరును మంజూరు చేయుట ద్వంద్వ ప్రయోజనం కిందికి వస్తుంది."

"అంటే, మా దగ్గర వేడి లేదని రుజువు చేసుకుంటేనే వేడి ఇస్తారన్నమాట."

"సంస్థ ఆశయాన్ని మీరు చాలా సూక్ష్మంగా గ్రహించారు" అన్నారాయన మనసారా మెచ్చుకుంటూ.

ఆ వెంటనే పెరట్లో కట్టెల పొయ్యికీ, వంటింట్లో గ్యాసు పొయ్యికీ గుడ్డ చుట్టి లక్క సీళ్ళు వేశారు. ఇల్లు 'సహజ శీతల స్థితి'కి చేరేదాకా అవి తీయకూడదు. తీస్తే జరిమానా. మరి వంట ఎలాగండీ అంటే, "వంటకు ప్రత్యామ్నాయ ఏర్పాటు దరఖాస్తుదారుని బాధ్యత" అన్నారు. హాల్లో గోడకు తెల్లటి డబ్బా ఒకటి బిగించారు. అది ఇంట్లో వేడిని కొలిచి, ఎవరూ చెప్పకుండానే వాళ్ళ ఆఫీసుకు చేరవేస్తుందట. మంజూరులో మొదటి మెట్టు ఎక్కామని మా ఆయన లడ్డూలకు పరుగెత్తారు.

ఆ ప్రత్యామ్నాయ ఏర్పాటు పేరు పారమ్మ. ఎదురింటి ముసలమ్మ. మా ఊళ్ళో మీసాలొచ్చిన మగాళ్ళలో చాలామందికి మొదటి స్నానం పోసిన చెయ్యి ఆవిడది. ఇప్పుడు నళినికీ పుట్టబోయే బిడ్డకూ పురిటి స్నానం పోయాల్సిందీ ఆవిడే. వాళ్ళింట్లో కట్టెల పొయ్యి మీద వండి, మూత పెట్టిన గిన్నెల్లో మాకు పట్టుకొచ్చేది. నళినిని వాళ్ళింటికి పంపుదామంటే గుమ్మంలోనే పొగకి దగ్గు మొదలయ్యేది.

"ఏటమ్మా ఇది, పొయ్యికి తాళవేసినోల్ని ఇప్పుడే సూత్తన్నాను" అంది పారమ్మ, సీలు వంక చూస్తూ.

"వేడి పంపు ఇస్తారట పిన్నీ. ముందు ఇల్లు చల్లబడాలట."

"దాహవేస్తందంటే, ముందు నోరెండబెట్టుకో, అప్పుడు నీళ్ళిత్తానన్నట్టుందే" అని గిన్నె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

రెండోసారి వచ్చినప్పుడు చక్రపాణి గారి ముఖం మాడిపోయి ఉంది. పొయ్యిలు ఆపినా మా ఇల్లు బయటికన్నా వెచ్చగానే ఉందని ఆ డబ్బా చెప్పిందట. "ఈ గృహంలో అప్రకటిత ఉష్ణ వనరులు ఉన్నాయి" అని సోదా మొదలుపెట్టారు. వంటింటి మూల గోనెసంచి చుట్టి పెట్టిన పెరుగు తోడు గిన్నె దొరికింది. పులియబెట్టిన ఇడ్లీ పిండిలో వేలు ముంచి, "పులియుట కూడా ఉష్ణజనక ప్రక్రియయే" అని దాన్నీ బయట పెట్టించారు. వసారాలో గంప కింద పొదుగుతున్న కోడిపెట్ట కనిపించగానే ఆయన కళ్ళు మెరిశాయి. దాని పొట్టకింద థర్మామీటరు పెట్టబోతే అది చేతిమీద పొడిచింది. "వనరు సహకరించలేదు" అని రాసుకున్నారు. గుడ్లతో సహా కోడి పారమ్మ ఇంటికి కాపురం మారింది.

అన్నీ అయ్యాక మా ఆయన వంక పైనుంచి కింది దాకా చూశారు.

"మీరు కూడానండి."

"నేనేంటండీ?" అన్నారు మా ఆయన.

"మనిషి ఒక చలనశీల ఉష్ణ వనరు. కూర్చున్నా, పడుకున్నా ఉష్ణం విడుదల చేస్తూనే ఉంటాడు. ఇంట్లో ముగ్గురు ఉన్నారు. మేడమ్ దరఖాస్తుదారు. అమ్మాయిగారు గర్భవతి గనుక మానవతా దృక్పథంతో మినహాయింపు. మీరు అనావశ్యక వనరు."

ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి నేను ఎన్నోసార్లు చెప్పాను, అప్పటిదాకా ఎవరూ సంస్థ స్థాయిలో ధ్రువీకరించలేదు. మా ఆయన మాత్రం ఏమీ నొచ్చుకోలేదు. "మంజూరు కోసమే కదే" అని దుప్పటి భుజాన వేసుకుని వాళ్ళ తమ్ముడింటికి పడుకోవడానికి వెళ్ళిపోయారు.

ఇల్లు నిజంగానే చల్లబడింది. కొబ్బరినూనె చంకలో కూడా కరగడం మానేసింది. నళిని రెండు రగ్గుల కింద ముడుచుకుని, "అమ్మా, ఇంకెన్నాళ్ళే" అని అడిగేది. "ఇంక దగ్గరికొచ్చేసిందమ్మా, పంపొచ్చేస్తుంది" అని నేను దాని పాదాలు రుద్దుతూ చెప్పేదాన్ని. చెబుతూనే నాకు భయంగా ఉండేది. పంపు కంటే ముందు బిడ్డ వస్తే నేనేం చేయాలి?

ఆ వారమే గాజుల పేరంటం చేశాం. తొమ్మిదో నెల పడ్డాక చెయ్యకుండా ఎలా ఉంటాం? వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. పాటలు పాడారు, నళిని చేతులనిండా గాజులు తొడిగారు, పసుపు కుంకుమలు పుచ్చుకున్నారు. అందరూ లేవబోతుంటే పారమ్మ గోడమీది డబ్బాని చూసి ఆగిపోయింది.

"ఒలే టీచరమ్మా, ఇంటికి కొత్త మిసనొచ్చింది. బొట్టయినా పెట్నేదేటే?"

"అది సంస్థవాళ్ళది పిన్నీ."

"ఎవులిదైతే ఏటి, మీ గోడ మీద కూకున్నాది కదా."

స్కూటరు కొన్నా, మిక్సీ కొన్నా, కుట్టుమిషను కొన్నా మనం చేసే పనే పారమ్మ చేసింది. డబ్బాకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపువ్వు గుచ్చింది. ఇత్తడి పళ్ళెంలో కర్పూరం బిళ్ళలు గుప్పెడు వేసి వెలిగించి, డబ్బా మూతి దగ్గరగా పెట్టి, "మా నళినమ్మకి సులువుగా కాన్పవ్వాల, పంపు తొరగా రావాల" అంటూ పాట అయ్యేదాకా తిప్పింది. మిగతా ఆడవాళ్ళు కళ్ళకద్దుకున్నారు. నేనూ అద్దుకున్నాను. సాంఘిక శాస్త్రం టీచరునే, అయినా అద్దుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఇంటిముందు జీపులు ఆగాయి. జరిమానా వేస్తారనే అనుకున్నాను. చక్రపాణి గారు మఫ్లరు కూడా మర్చిపోయి పరుగెత్తుకుంటూ వచ్చి, నాకు శాలువా కప్పారు. వెనకాల ప్రాంతీయ సంచాలకులవారు చప్పట్లు కొడుతున్నారు.

"నిన్న సాయంత్రం ఈ గృహంలో చరిత్రలో ఎన్నడూ లేని ఉష్ణోద్రేకం నమోదైంది" అన్నారు సంచాలకులవారు. ఆయన గుండ్రంగా, ఎర్రగా, ప్రతి మాటనీ ప్రారంభోత్సవం చేసినట్టు పలుకుతారు. "పొయ్యి లేదు. కోడి లేదు. భర్త లేడు. అయినా గోడలే కొలిమిలా మండిపోయాయి. ఇది పాలగెడ్డకే గర్వకారణం."

"అయ్యా, అది కర్పూరమండీ. హారతి ఇచ్చారు."

"యంత్రానికి కర్పూరం తెలియదు మేడమ్" అన్నారు చక్రపాణి గారు సౌమ్యంగా. "దానికి ఉష్ణం మాత్రమే తెలుసు."

"అయితే మాకు పంపు రాదా?"

"ఎందుకు రాదు? తప్పక వస్తుంది" అన్నారు సంచాలకులవారు. "అమ్మా, పంపుకు రెండు చివరలుంటాయి. ఒక చివర ఉష్ణాన్ని తీసుకుంటుంది, రెండో చివర ఇస్తుంది. ఇచ్చే చివరకు అర్హమైన గృహాలు ఎక్కడైనా దొరుకుతాయి. తీసుకునే చివరకు అర్హమైన గృహం కోసం సంస్థ ఎన్నో ఏళ్ళుగా వెతుకుతోంది. మీ గృహం సంపూర్ణంగా, నిస్సందేహంగా అర్హమైనది."

మా ఆయన వాళ్ళ తమ్ముడింటి నుంచి పరుగున వచ్చి అర్హమైనది అన్న మాట ఒక్కటే విన్నారు. మళ్ళీ లడ్డూలు తెచ్చారు.

పంపు వచ్చింది. బీరువా అంత మర ఒకటి మా హాల్లో నిలబెట్టారు. దాన్నుంచి గొట్టాలు పెరటి గోడ దాటి బంగళా స్నానాల గదిలో ఉన్న నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళాయి. మర మా ఇంట్లోని వేడిని లాగుతుంది, అక్కడ నీళ్ళు కాగుతాయి. లాగేశాక మిగిలిన చల్లగాలిని మా మీదికే ఊదుతుంది. గుమ్మం పైన ఇత్తడి పలక కొట్టారు. 'మిగులు ఉష్ణ గృహం. ఈ గృహమున ఉద్భవించిన ఉష్ణము జాతికి అంకితం' అని చెక్కి ఉంది. కింద చక్రపాణి గారి సంతకం కూడా చెక్కారు. మా ఆయన దాన్ని చింతపండుతో తోమి మెరిపించేవారు.

"ఇప్పుడైనా పొయ్యిలకు సీలు తీయండి. వేడి ఎక్కువైతే మీకే కదా లాభం" అన్నాను.

"వంట వల్ల పుట్టేది కల్తీ ఉష్ణం మేడమ్. సంస్థ స్వచ్ఛమైన గృహసహజ ఉష్ణాన్ని మాత్రమే సేకరిస్తుంది."

"పోనీ, మాకీ పథకమే వద్దు. తప్పుకుంటాం."

"తప్పుకొనుటకు గృహం అనర్హమని తేలవలసి ఉంటుంది" అన్నారు చక్రపాణి గారు నిజంగా బాధపడుతూ. "ఈ ప్రాంతంలో ఇంతకన్నా అర్హమైన గృహం లేదు."

వీధిలోవాళ్ళు పాలు, మాంసం, మిగిలిన కూరలు తెచ్చి మా హాల్లో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఫ్రిజ్జు కంటే మీ ఇల్లే నయం టీచరుగారూ అన్నారు. వాళ్ళనేం అనగలను? బంగళాలో మాత్రం పొద్దున్నే స్నానాల గది కిటికీలోంచి తెల్లగా ఆవిరి లేచేది. సంచాలకులవారు తనిఖీ పేరుతో బంగళాలోనే దిగిపోయారు. పక్క జిల్లాల నుంచి కూడా పెద్ద పెద్ద అధికారులు మా ఉష్ణాన్ని పరిశీలించడానికి తువ్వాళ్ళు తీసుకుని వచ్చేవారు.

నళినికి ఆస్పత్రిలో సుఖంగానే కాన్పయింది. ఆడపిల్ల. నల్లటి జుట్టు, గుప్పెడంత ముఖం. ఇంటికి తెచ్చి హాల్లోకి అడుగుపెట్టగానే ఆ మర ఊదే గాలికి పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. గదిలోకి తీసుకెళ్ళి తలుపులు వేశాం, రగ్గులు కప్పాం. పిల్ల పాదాలు మాత్రం నీళ్ళలోంచి తీసిన గులకరాళ్ళలా ఉన్నాయి. నళినికి ఆయాసం మొదలైంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పిల్ల కోసమని దరఖాస్తు పెట్టి, పిల్ల ఒంట్లో వేడిని కూడా గొట్టంలో పోసి పంపిస్తున్నాను కదా అనిపించింది.

పురిటి స్నానం రోజున పారమ్మ వాళ్ళింట్లో నీళ్ళు కాచి బిందెతో మోసుకొచ్చింది. వీధి దాటి, మా హాలు దాటి గదిలోకి వచ్చి బిందెలో చెయ్యిపెట్టి చూసేసరికి నీళ్ళు చల్లారిపోయాయి.

"ఈటితో గుంటకి తానం పోస్తే పాపం సుట్టుకుంటాది" అని బిందె కింద పెట్టేసింది.

గోడ అవతల బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. కిటికీలోంచి ఆవిరి మా పెరట్లోకి వచ్చింది. పారమ్మ అటు చూసింది.

"అదెవులి యేడి?"

"మనదే పిన్నీ."

"పొగుందేటి దానికి?"

"లేదు."

"మరి మనదైతే మనవే దాని కాడికెల్దాం. కూకున్నావేటి, లెగు."

అంతే. ఇన్ని మార్గదర్శకాలు చదివిన నాకు ఇది తట్టలేదు. పారమ్మ సున్నిపిండి, నువ్వులనూనె, పసుపు పళ్ళెంలో సర్దింది. పిల్లని మెత్తటి పాత చీరలో చుట్టి నేను ఎత్తుకున్నాను. నళిని నా భుజం పట్టుకుని నడిచింది. మా ఆయన ఏం చేద్దామా అని ఒక్క క్షణం తచ్చాడి, గుమ్మం ఎక్కి ఇత్తడి పలక ఊడబీక్కుని వెనకాలే వచ్చారు. కాపురం మొదలైన తర్వాత ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి.

బంగళా వరండాలో సంచాలకులవారు తువ్వాలు కట్టుకుని, ఒంటికి నూనె రాసుకుని స్నానానికి సిద్ధంగా ఉన్నారు. చక్రపాణి గారు మాకు అడ్డంగా వచ్చారు.

"మేడమ్, ఇది నిషిద్ధ ప్రాంతం. లోపలున్నది సంస్థ ఉష్ణం."

"చూపించండి" అన్నాను మా ఆయనతో. ఆయన పలక ఎత్తి పట్టుకున్నారు.

"'ఈ గృహమున ఉద్భవించిన ఉష్ణము' అని చెక్కించింది మీరే. కింద సంతకం మీదే. ఉద్భవించిన చోటి వాళ్ళం మేము. అది ఎక్కడికి పోయిందో, ఎలా ఉందో చూసుకోవడానికి వచ్చాం."

చక్రపాణి గారు తన సంతకాన్ని చూసుకున్నారు. ఆ మనిషి ఏమైనా కాదనగలడు గాని, తన సంతకాన్ని కాదనలేడు. పిల్ల వంక చూశారు. చలికి దాని పెదవులు వణుకుతున్నాయి. గొంతు సవరించుకుని, "వనరు దాతకు వినియోగ పరిశీలన హక్కు కలదు" అన్నారు మెల్లగా, సంచాలకులవారికి వినపడీ వినపడకుండా. తలుపు తీసి పక్కకు తప్పుకున్నారు.

"బాబూ, కూసంత జరుగు" అంది పారమ్మ సంచాలకులవారితో. ఆయన జరిగారు. పారమ్మ అలా అంటే మా ఊళ్ళో ఎవరైనా జరుగుతారు.

పారమ్మ పీటమీద కూర్చుని కాళ్ళు చాపింది. పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండి నలిచి, చెంబుతో వేణ్ణీళ్ళు పోసింది. మొదటి చెంబుకు పిల్ల కెవ్వుమంది. రెండో చెంబుకు ఊరుకుంది. మూడో చెంబుకు ఒళ్ళంతా గులాబీరంగు తేలి, కళ్ళు అరమోడ్చింది. నళిని గోడకు ఆనుకుని అది చూస్తూ నవ్వింది. చాలా రోజుల తర్వాత దాని ఊపిరిలో పిల్లికూతలు వినపడలేదు. అక్కడ పొగ లేదు, ఒట్టి ఆవిరి.

"ఇంకా ఎంతసేపు?" అని బయట్నుంచి సంచాలకులవారి గొంతు వణుకుతూ వినిపించింది.

"బాలింత తానం బాబూ, నీ మీటింగనుకున్నావేటి ఇట్టే తేలిపోడానికి" అంది పారమ్మ, నళిని నెత్తిన నూనె పెడుతూ.

నళినికి పోసేటప్పుడు నేను కూడా చెయ్యి వేయాల్సి వచ్చింది. పొడిగుడ్డలో చుట్టిన పిల్లని ఎవరికివ్వాలో తెలియక, తలుపు దగ్గర నిలబడ్డ చక్రపాణి గారి చేతుల్లో పెట్టేశాను. ఆయన దాన్ని యంత్రంలా దూరంగా పట్టుకున్నారు. అది ఊరుకోకుండా ఏడ్చింది. గుండెకు ఆనించుకోండి అన్నాను. ఆనించుకున్నారు. ఊరుకుంది.

కాసేపటికి ఆయన కదలకుండా, వింత ముఖం పెట్టి నిలబడిపోయారు. చొక్కా మీంచి, చొక్కా లోంచి, పంట్లాము దాకా ధార కారుతోంది.

"తడిపేసిందా? ఇలా ఇచ్చెయ్యండి సార్" అన్నాను నొచ్చుకుంటూ.

ఆయన ఇవ్వలేదు. ఆ చలికొండ ఎక్కినప్పట్నుంచీ టకటకలాడుతున్న పళ్ళు అప్పుడు ఆగాయి. చేతిలో థర్మామీటరు లేదు, చెవుల్లో దూది లేదు.

"వెచ్చగా ఉందమ్మా" అన్నారు.

నీళ్ళన్నీ మేమే వాడేశామని సంచాలకులవారికి ఎవరూ చెప్పలేదు. మేం మా పెరట్లోకి వచ్చేసరికి స్నానాల గదిలోంచి ఒక కేక వినిపించింది. ప్రారంభోత్సవం ఛాయలు అందులో ఏమీ లేవు. ఆ మధ్యాహ్నమే ఆయన తనిఖీ ముగించుకుని కొండ దిగారట.

మూడోనాడు మాకు ఉత్తర్వు అందింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

'పాలగెడ్డ మిగులు ఉష్ణ గృహమున నూతన ఉష్ణ వనరు ఒకటి చేరినట్టు ఈ అధికారి స్వయంగా, ప్రత్యక్షంగా, తన దుస్తుల ద్వారా నిర్ధారించడమైనది. సదరు వనరును ప్రతిదినము ఉదయం బంగళా స్నానగృహానికి తీసుకువచ్చి, వేడినీటితో తడిపి, ఆరబెట్టి, దాని స్థితిని పరిశీలించవలెను. వనరు స్వయంగా నడవజాలదు గనుక దాని తల్లిని, తోడుగా ఒక వృద్ధ నిపుణురాలిని అనుమతించడమైనది. తల్లిని కూడా తడిపి పరిశీలించవలెను. వనరు నిద్రించు వేళల గృహంలోని మరను నిలిపివేయవలెను. పసి వనరులు దినములో అధికభాగం నిద్రించునని నిపుణురాలు తెలియజేసియున్నారు. వనరు చక్కగా నడక నేర్చువరకు ఈ ఉత్తర్వు అమలులో ఉండును. సంతకం, చక్రపాణి.'

పారమ్మకు చదివి వినిపించాను. "అంటే ఏటి?" అంది.

"రోజూ పిల్లకి వేణ్ణీళ్ళు పొయ్యమని పిన్నీ."

"ఆ ముక్క సెప్పడానికి అంత కాయితవా?" అంది, కానీ సంబరపడింది.

ఇప్పుడు మా హాల్లో మర పిల్ల నీళ్ళ మట్టుకు కాసేపు తిరిగి, మిగతా రోజంతా ఊరికే నిలబడి ఉంటోంది. దాని మీద బట్టలు ఆరేస్తున్నాం. పొయ్యిలకు సీళ్ళు అలాగే ఉన్నాయి, మొన్న శుక్రవారం మా ఆయన వాటికి కూడా బొట్టు పెట్టారు. పిల్లకి బారసాలలో సత్యవాణి అని పేరు పెట్టాం గాని, వీధిలో అందరూ వనరు అనే పిలుస్తున్నారు. వేడి పంపు ఇచ్చే చివరకు మా ఇల్లు అర్హమా కాదా అన్నది ఇంకా పరిశీలనలో ఉందట. ఆ పరిశీలన కోసం చక్రపాణి గారు రోజూ పొద్దున్నే తలుపు దగ్గర చేతులు చాపి నిలబడతారు. సంచిలో ఒక చొక్కా అదనంగా తెచ్చుకుంటారు.